మూడు మణుగుల ముసలి సీసం

గుంటూరు వైపు వెళ్ళొచ్చానంటే మా విజయనగరంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "కారం తిన్నావా?" అని. తిన్నాను. కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు ధారగా కారాయి. ఆ ముచ్చట తరవాత చెబుతాను. రెండో ప్రశ్న, "ఎందుకెళ్ళావు?" అని. పాత సీసం కోసం అన్నాను. మూడో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ముప్ఫయ్యో పడి దగ్గరపడుతున్నా పెళ్ళి మాటెత్తకుండా నక్షత్రాల గురించి చదువుతానంటూ కూర్చున్న సుభద్ర, సీసం కోసం రైలెక్కిందంటే ఇంక అడగడానికి ఏముంటుంది?

మీరు అడగకపోయినా చెబుతాను. విశాఖపట్నంలో నేను పనిచేసే ప్రయోగశాలలో మా మాస్టారు తొమ్మిదేళ్ళుగా ఒకే పని మీద ఉన్నారు. నక్షత్రాల లోపల హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, కర్బనం కేంద్రకాల్లోకి దూరి కలిసిపోతూ ఉంటాయి. దూరడం అంత తేలిక కాదు. దగ్గరకొచ్చేసరికి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. నక్షత్రంలో వాటి వేగం కూడా తక్కువే. అందుకని కోటానుకోట్లలో ఎక్కడో ఒక్కటి లోపలికి పోతుంది. పోయినప్పుడు కంటికి కనపడని కిరణం ఒకటి బయటికొస్తుంది. మా దగ్గరున్న యంత్రంతో ప్రోటాన్లను వీలైనంత నెమ్మదిగా కర్బనం మీదికి పంపి, ఆ కిరణాలను లెక్కపెట్టడమే మా ప్రయోగం. నెమ్మదిగా పంపేకొద్దీ రోజుకి ఒకటో రెండో వస్తాయి. ఒక్కో రోజు ఒక్కటీ రాదు.

వచ్చినా గుర్తుపట్టేదెలా? గోడల ఇటుకల్లోంచి కిరణాలొస్తాయి, ఆకాశంలోంచి వస్తాయి. మా లెక్కల పరికరానికి సొంతవాళ్ళూ పరాయివాళ్ళూ తేడా తెలియదు. అందుకని దాని చుట్టూ సీసంతో గోడ కట్టాం. తీరా చూస్తే ఆ సీసమే గొణుగుతోంది. గనిలోంచి కొత్తగా తీసిన సీసంలో కాస్తంత రేడియోధార్మికత ఉంటుంది. అది చల్లారాలంటే నూరు, రెండువందల ఏళ్ళు పడుతుంది. సీసం కూడా మనుషుల్లాగే ముసలిదైతే గానీ నోరు మూసుకోదు.

మాస్టారికి అంత వ్యవధి లేదు. ఉగాది వెళ్ళగానే ఆయన రిటైరవుతారు. యంత్రం వేరేవాళ్ళ చేతికి పోతుంది. తొమ్మిదేళ్ళలో ఆ గొణుగుడు దాటి ఒక్క కిరణం కూడా ఇది మాదని చెప్పుకునేలా వినలేదు. మాఘమాసంలో ఒకరోజు మా స్టోర్సు గుమాస్తా, పర్చూరు మనిషి, మా మాటలు విని అన్నాడు: "మా ఊళ్ళో కళాయి సాయిబు దగ్గర సంచులకొద్దీ సీసపు బిళ్ళలుంటాయండీ. చేలల్లో దొరుకుతాయి. ఏ కాలంనాటివో ఎవరికీ తెలవదు. రెండువేల ఏళ్ళయినా అయ్యుంటదంటారు."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "సుభద్రా, మనకి మూడు మణుగులు కావాలి," అన్నారు. ఆయన గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. మర్నాడే బయల్దేరాను.

రైల్లో

ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన తెనాలి వెళ్ళే ఆవిడ కూర్చుంది. నా ఒళ్ళో ఉన్న చెక్కపెట్టె మీదే ఆవిడ కళ్ళన్నీ. ఎక్కడైనా రేడియోధార్మికత ఉంటే టిక్కుమనే పరికరం అది. కొన్న సీసం శుభ్రమైనదో కాదో పైపైన చూసుకోవచ్చని తెచ్చుకున్నాను.

"రేడియోనా అమ్మాయ్?"

"కాదండీ. చెవులకి పెట్టుకుంటే టిక్కు టిక్కుమంటుంది."

"పాటలు రావా?"

"రావండీ."

"మరెందుకూ మొయ్యడం?" అని నా మీద జాలిపడి రెండు అరిసెలు పెట్టింది. మా వైపు అరిసెలకంటే పలచన, నువ్వులు ఎక్కువ. తింటూ ఆలోచించాను. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? పాటలు రాని పెట్టె ముందు మాస్టారు తొమ్మిదేళ్ళు చెవొగ్గి కూర్చున్నారు. నేను నాలుగేళ్ళు కూర్చున్నాను. రావలసినది వస్తుందన్న నమ్మకం తప్ప మా చేతుల్లో ఏమీ లేదు.

పర్చూరు

వేటపాలెంలో రైలు దిగి పర్చూరు బస్సెక్కేసరికి నా తెల్లచీర బూడిదరంగుకి వచ్చింది. దారి పొడుగునా నల్లరేగడి. ఒకపక్క విచ్చిన పత్తి, చేలో వంగి ఏరుతున్న ఆడవాళ్ళు, నడుముకి కట్టిన ఒడి నిండా దూది. ఇంకోపక్క మిరప కళ్ళాలు. ఎకరాలకెకరాలు నేల కనపడకుండా ఎర్రగా ఆరబోశారు. గాలి అటునుంచి ఇటు తిరిగిందంటే బస్సులో పసిపిల్లలతో సహా అందరూ తుమ్ముతారు. నేను తుమ్మినన్ని తుమ్ములు ఎవరూ తుమ్మలేదు. "ఊరికి కొత్తా అమ్మా?" అని కండక్టరు అడిగాడు. టిక్కెట్టు ముప్ఫయి నయాపైసలంటే, ఆ కొత్త డబ్బుల లెక్క ఇంకా పట్టుబడక అణాల్లోకి మార్చుకునేసరికి దిగాల్సిన చోటు వచ్చేసింది.

కళాయి సాయిబు పేరు మస్తాన్. డెబ్భై దాటినా నిటారుగా ఉన్నాడు. బజారు చివర నేలలో చిన్న గొయ్యి తవ్విన కొలిమి, దానికో తోలుతిత్తి. ఇత్తడిగిన్నెను కాల్చి, మురికి విడగొట్టే నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పాడంటే గిన్నె లోపల వెన్నెల పరిచినట్టు అవుతుంది. ఆ పొగకి నాకు దగ్గొచ్చింది. ఆయనకి రాలేదు.

వచ్చిన పని చెప్పాను. నక్షత్రాల మాట ఎత్తితే నవ్వుతాడేమోనని తడబడుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. గిన్నె పక్కనపెట్టి, "అంటే అమ్మాయిగారూ, మీకు కావలసింది నిశ్శబ్దమన్నమాట," అన్నాడు.

నాలుగేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళకి ఎక్కించలేకపోయిన సంగతి ఆయనకి ఒక్కమాటలో అందింది. నాకు కళ్ళు చెమర్చాయి. మిరప ఘాటు అనుకున్నాడేమో, మంచినీళ్ళు ఇప్పించాడు.

ఆ బిళ్ళల కథ ఆయనే చెప్పాడు. ఆ వైపు ఊళ్ళ పక్కన పాటిదిబ్బలుంటాయి. ఎప్పుడో పాడుబడ్డ ఊళ్ళు. ఆ మట్టి చేలకి బలమని రైతులు బళ్ళకెత్తి తోలుకుంటారు. మట్టితోపాటు పెంకులూ, పూసలూ, సీసపు బిళ్ళలూ, ముద్దలూ పత్తిచేలల్లోకి వచ్చిపడతాయి. తొలకరి వానకి పైకి తేలితే కూలోళ్ళు ఏరుకుని సాయిబు దగ్గరికి తెస్తారు. గుప్పెడు బిళ్ళలకి ఒక గిన్నెకి కళాయి. ఆయన తండ్రి పెట్టిన లెక్క అది, ఆయనా మార్చలేదు.

"వీటితో మీకేం పనండీ?" అన్నాను.

"ఏం పనీ లేదు. వాళ్ళ దగ్గర ఇయ్యటానికి ఇంకేం లేదు గదమ్మా. ఉత్తినే పెడతానంటే కొందరికి మనసొప్పదు."

సంచులు విప్పి గుమ్మరించాం. ఏనుగూ, చుక్కలూ, అక్షరాల్లాంటి గీతలూ కనపడ్డవన్నీ వేరే పెట్టాం. అవి మ్యూజియానికి పోవలసినవి, నేను ముట్టుకోనని ముందే అన్నాను. అరిగిపోయిన బిళ్ళలూ గుర్తుల్లేని ముద్దలూ కాటా వేస్తే రెండు మణుగులు. చివర్లో మస్తాన్ నడుము దగ్గరున్న చిన్న సంచి విప్పి, దూదిలో చుట్టిన బిళ్ళ ఒకటి తీశాడు. సగం అరిగింది. దాని మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ.

"మా నాయనకి దొరికింది. పొద్దున్నే తీసి చూసుకునేవాడు. ఈ ఓడ ఎక్కడికి పోయిందిరా మస్తానూ అనేవాడు. ఎప్పటికన్నా ఓడెక్కి దూరం పోవాలని ఆయనకి కోరిక. ఈ చుట్టుపక్కల ఊళ్ళు దాటకుండానే పోయాడు. నాదీ అదే సంగతి." మళ్ళీ దూదిలో చుట్టాడు. "ఇది మాత్రం అడగొద్దమ్మా."

అడగనన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన భార్య జాన్‌బీ జొన్నరొట్టె, గోంగూర, కొరివికారం పెట్టింది. పండుమిరపకాయలు నూరిన ఆ పచ్చడి మొదటి ముద్దకే నాకు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. మా వైపు పులుసులో బెల్లం వేస్తామని చెబితే జాన్‌బీ నోటిమీద చెయ్యేసుకుంది. "పులుసులో బెల్లమా! జ్వరమొచ్చినోళ్ళకా?" అంది. సాయిబు ఇంట్లో భోంచేశానని మా అమ్మకి మాత్రం ఎవరూ చెప్పకండి. రెండోసారి అడిగి వేయించుకున్నానని అసలే చెప్పకండి.

దర్శి

ఇంకో మణుగు కావాలి. పర్చూరు బడిలో పనిచేసి దర్శి పక్కకి బదిలీ అయిన రాహేలు టీచరమ్మ దగ్గర కుండెడు బిళ్ళలున్నాయని మస్తానే చెప్పాడు. అద్దంకి మీదుగా బస్సు. పోనుపోను పత్తి పలచబడి, జొన్నచేలూ రాళ్ళూ ఎక్కువయ్యాయి. మధ్యలో బస్సు ఆగిపోతే దిగి తోశాం. నా పక్కన తోసిన ముసలాయన, "గట్టిగా తొయ్యమ్మాయ్, ఏం తింటావు నువ్వు?" అని కసిరాడు. బెల్లం పులుసని చెప్పలేదు.

బడి చర్చి పక్కన పూరిపాక. రాహేలు టీచరమ్మకి యాభై ఉంటాయి. పిల్లలు బారులు తీరి కూర్చుని సీసపు బిళ్ళలతో కూడికలు చేస్తున్నారు. రెండువేల ఏళ్ళనాటి డబ్బులతో అయిదూ మూడూ ఎనిమిది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"సూర్యుడి లెక్కల కోసం మా పిల్లల లెక్కలు ఎత్తుకుపోతానంటారు," అందావిడ, విషయం విన్నాక.

"చింతపిక్కలు తెప్పిస్తానండీ, ఎన్ని కావాలంటే అన్ని."

"అవి తినేస్తారండీ, వేయించుకుని." తల తిప్పి పిల్లల్ని చూసింది. "ఇది కొలిచాక ఎవరికేం వస్తది? కోపం తెచ్చుకోమాకండి. వీళ్ళకి చెప్పాలి గదా, ఎందుకిచ్చామో."

ఇలాంటి ప్రశ్నకి పెద్ద పెద్ద జవాబులు నాకు తెలుసు. అవేవీ నోటికి రాలేదు. "మన ఒంట్లో ఉన్న కర్బనం, నత్రజని ఇవన్నీ ఒకప్పుడు నక్షత్రాల్లో తయారైనవేనండీ. ఎంతసేపట్లో తయారయ్యాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా మాస్టారికి తెలుసుకోవాలని ఉంది. నాకూ ఉంది. అంతే," అన్నాను.

ఆవిడ పిల్లల వైపు తిరిగి, "ఒరేయ్, గుర్తులున్నవి వేరే పెట్టండి. నున్నటివి అక్కగారికి ఇయ్యండి," అంది. ఒక్కొక్కరూ లేచి వచ్చి నా కొంగులో వేశారు. లెక్కపెడుతూ వేశారు. ఒక పిల్ల తన గుప్పెట్లోది ఎంతకీ వదల్లేదు. దాన్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

మణుగుకి కాస్త తక్కువ వచ్చింది. బస్సు దగ్గర టీచరమ్మ ఉడకబెట్టిన చిలగడదుంపలు మూటకట్టి ఇచ్చి, "దొరికితే కార్డు ముక్క రాయండి. పిల్లలకి చదివి వినిపిస్తా," అంది.

బండి మీద

నేను పర్చూరు తిరిగొచ్చాక, సీసాన్ని వేటపాలెం చేర్చడానికి మస్తాన్ రెండెడ్ల బండి కట్టించాడు. కింద సీసం, పైన పత్తికట్టె, ఆ పైన మేమిద్దరం. ఏరడం అయిపోయాక పీకేసిన పత్తిమోళ్ళే ఆ ఊళ్ళల్లో పొయ్యికి కట్టెలు. సముద్రం ఒడ్డున పోలయ్య అనే తన స్నేహితుడున్నాడనీ, వలలకి సీసపు గుళ్ళు పోస్తాడనీ, ఇటుకలు కూడా అక్కడే పోయించుకుంటే రైల్లో వెయ్యడం సులువనీ మస్తాన్ అన్నాడు. నాకు నచ్చింది. విశాఖపట్నం చేరగానే గోడ పేర్చేయవచ్చు, నాలుగైదు రోజులు కలిసొస్తాయి. ఉగాదికి ఎన్ని రోజులుందో నేను రోజూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాను.

దారిలో మస్తాన్ నన్ను ఒకటే అడిగాడు. "అది వస్తే ఎట్టా తెలుస్తదమ్మా మీకు?"

"ఒక్క టిక్కు. అంతే."

"ఒక్క టిక్కు కోసం తొమ్మిదేళ్ళు కూర్చున్నాడా ఆయన?" తల అడ్డంగా ఊపాడు. "మా నాయనకీ మీ మాస్టారికీ బాగా కుదిరేది."

వేటపాలెం ఒడ్డు

పోలయ్య గొంతు అలలకి పైన వినపడుతుంది. "ఏరా మస్తానూ! ఇంకా బతికే ఉండావా?" అన్నాడు. "నిన్ను పూడ్చాకే పోతాన్రా," అన్నాడు మస్తాన్. నలభై ఏళ్ళ స్నేహమట.

పని చూడముచ్చటగా జరిగింది. పోలయ్య చెమ్మ చూసి ఇసుక తొక్కి, నేను పర్చూరులో చేయించి తెచ్చిన చెక్క అచ్చుతో గుంటలు అద్దాడు. మస్తాన్ ఇనప బాణలి కింద పత్తికట్టె మంట పెట్టి సీసం కరిగించాడు. ఇటుక తరవాత ఇటుక పోశారు. సాయంత్రం కాకముందే ఇరవైకి పైగా ఇటుకలు ఇసుకలో బారులు తీరాయి. నేను కొంగు నడుముకి చుట్టుకుని పెద్ద ఇంజనీరులా అటూ ఇటూ తిరిగాను.

చల్లారాక పోలయ్య, "ఆ పెట్టె పాడిద్దంటగా, వినిపించమ్మాయ్," అన్నాడు. సరదాకి తెరిచి, ఇటుక మీద పెట్టి, దాని చెవిగొట్టాలు ఆయన చెవులకి తగిలించాను.

"పేలాలు ఏగినట్టుందే!" అన్నాడు సంబరంగా.

నేను లాక్కుని చెవికి పెట్టుకున్నాను. నిజమే. పేలాలు వేగుతున్నాయి. పరికరాన్ని ఇసుక మీద పెట్టాను. ఇంకా ఎక్కువ. చేత్తో ఇసుక తీసి ఎండలో చూశాను. తెల్లటి ఇసుకలో నల్లటి గింజలూ, తేనెరంగు గింజలూ.

మన తూర్పుతీరం ఇసుకలో అక్కడక్కడా థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న గింజలుంటాయి. భీమిలి ఒడ్డుకి విద్యార్థుల్ని తీసుకెళ్ళి ఆ ఇసుక చూపించి పాఠం చెప్పినదాన్ని నేను. రెండువేల ఏళ్ళు నోరు మూసుకున్న సీసాన్ని ఏరి ఏరి తెచ్చి, నా చేతులతో దాని నోట్లో థోరియం కుక్కాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ ఊరికే అనదు.

అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చంటిపిల్లలా ఏడ్చాను. బల్లమీద కళ్ళజోడు పెట్టిన మాస్టారి చెయ్యి కళ్ళముందు మెదిలింది. సీసాన్ని వదలని ఆ దర్శి పిల్ల గుప్పెట గుర్తొచ్చింది.

మస్తాన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నా మాట మీదే గదా ఇసకలో పోశారు. తప్పు నాది."

"మీకేం తెలుసు సాయిబుగారూ, నాకు తెలియాలి గానీ."

"సరే, తప్పు తరవాత పంచుకుందాం. ముందు ఒక మాట చెప్పండి. ఆ గింజ సీసంలో కరిగిద్దా?"

ఏడుపు ఆపి ఆలోచించాను. "కరగదు. ఆ వేడికి కరగదు."

"ఇంకేం మరి. కరగనిదేదీ సీసం కడుపులో దాచుకోదమ్మా. మళ్ళీ కాస్తే అంతా పైకి కక్కుద్ది. యాభై ఏళ్ళుగా చూస్తన్నా."

జీడిపప్పు బట్టీ

మళ్ళీ పొయ్యి పెట్టాలంటే ఇసుక లేని చోటు కావాలి. వేటపాలెంలో జీడిపప్పు బట్టీలున్నాయి. మర్నాడు పొద్దున్నే బండి ఒక బట్టీ పెరట్లో దింపాం. నేలంతా చదును చేసిన గట్టి మట్టి. వరండాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాల్చిన గింజలు కొడుతున్నారు. ఆ తొక్కలోని జీడినూనెకి వాళ్ళ వేళ్ళు నల్లగా కమిలి ఉన్నాయి. బూడిద రాసుకుంటూ కొడతారు, అయినా కాలుతుంది. విశాఖపట్నంలో పాయసంలో ఏరుకుతినే జీడిపప్పు వెనక ఆ చేతులున్నాయని నాకు తెలియదు. ఇప్పుడు పాయసం తిన్నప్పుడల్లా గుర్తొస్తాయి.

ఇటుకల్ని కొబ్బరిపీచుతో, నూతినీళ్ళతో తోమాం. ముగ్గురు ఆడవాళ్ళు పని ఆపి వచ్చి మాతోపాటు తోమారు. "ఎవరి పెళ్ళికమ్మా ఇన్ని గిన్నెలు?" అని వేళాకోళం. మస్తాన్ కొలిమి పెట్టాడు. సీసం కరిగి తళతళలాడింది. నవాసారం చల్లగానే పొగలేచి, పైన మురికి మీగడ కట్టింది. పొడుగు ఇనప చువ్వకి దూది ఉండ చుట్టి, దాన్ని సీసం మీద ఇటునుంచి అటు ఒక్కసారి లాగాడు. మురికంతా దూదికి అంటుకొచ్చింది. దూది మండేలోగా తీసి పారేసి, ఇంకో ఉండ. ఇత్తడిగిన్నెల్లో రోజూ చేసే పనే. మస్తాన్ పర్చూరు నుంచి బండిలో వేసుకొచ్చిన దూది బస్తాలో మూడోవంతు అయిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. నా డిగ్రీలన్నీ ఆ ముసలాయన మణికట్టు ముందు చిన్నవైపోయాయి.

ఈసారి ఇసుక లేదు, అచ్చులు ఎక్కడివి? బట్టీ పెద్దామె జీడిగింజలు కాల్చే పాత ఇనప పెనాలు నాలుగు తెచ్చి పడేసింది. వాటిల్లో పోశాం. ఇటుకలు కాకుండా గుండ్రటి అట్లలాంటి పలకలు వచ్చాయి. చల్లారాక పెట్టె తెరిచాను. చెవులకి పెట్టుకోవడానికి చేతులు రాలేదు. మస్తానే తీసుకుని పెట్టుకున్నాడు.

చాలాసేపు విన్నాడు. "ఆడొకటి, ఆడొకటి," అన్నాడు.

నేను లాక్కుని విన్నాను. ఆకాశంలోంచి వచ్చేవీ, నేలలోంచి వచ్చేవీ మామూలు టిక్కులు, ఎక్కడైనా ఉండేవే. సీసం మాత్రం మాట్లాడడం లేదు. జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళు ఏమైందో తెలియకపోయినా నా మొహం చూసి నవ్వారు.

మురికితోపాటు కొంత సీసం పోయింది. రైలు దగ్గర పలకలు ఎక్కించాక మస్తాన్ నడుము సంచి విప్పి, దూదిలో చుట్టిన ఓడబిళ్ళ నా చేతిలో పెట్టాడు.

"వద్దండీ. అడగనన్నాను గదా."

"మీరు అడగలేదు. నేనే ఇస్తన్నా. కరిగించొద్దు. గోడలో ఏదన్నా సందుంటే అందులో పెట్టండి." రైలు కదిలింది. ఆయన పక్కనే నాలుగడుగులు నడిచాడు. "మా నాయన ఓడెక్కినట్టు ఉంటది," అన్నాడు.

విశాఖపట్నం

గుండ్రటి పలకలు కోసి లోపలి వరస పేర్చాం. ఒక మూల బొటనవేలంత సందు మిగిలింది. ఓడని అక్కడ పెట్టాను. పెడుతుంటే మాస్టారు లాంతరు పట్టుకున్నారు.

పరికరం నడిపితే గొణుగుడు సగానికి సగం తగ్గింది. మాస్టారు పాడైందేమోనని రెండుసార్లు తీగలు చూసుకున్నారు. తరవాత కుర్చీలో కూర్చుని, "ఇంత నిశ్శబ్దం నేను ఎరగను," అన్నారు.

ఉగాదికి పద్నాలుగు రోజులుంది. ఆ పద్నాలుగు రోజులూ వంతులవారీగా కూర్చున్నాం. ప్రోటాన్లు పంపనప్పుడు వచ్చిన లెక్క తీసేస్తే చివరికి పదిహేడు మిగిలాయి. ఏ పదిహేడో చెప్పలేం, కానీ అవి మావి. పత్రికలో అచ్చువేయడానికి పదిహేడు చాలదు. కనీసం దానికి పదిరెట్లు కావాలి. మాస్టారు ఆ అంకెను ఒక కాగితం మీద రాసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. పండగ మర్నాడు యంత్రం చేతులు మారింది. గోడ విప్పి సీసాన్ని గోడౌనులో పెట్టించారు. మాస్టారు తాళం వేస్తున్నప్పుడు నేను ఆయన మొహం చూడలేదు.

అప్పటినుంచీ నాకు ఆ నల్లనేల మీదే ధ్యాస. వంటింట్లో పోపు పెట్టినా మిరప కళ్ళాలు గుర్తొస్తాయి. పక్కింటి గిన్నె మీద కళాయి చూస్తే ఆ దూది ఉండ ఒక్క లాగు గుర్తొస్తుంది. రాహేలు టీచరమ్మకి కార్డు రాశాను, పదిహేడని. పిల్లలు దాన్ని పలక మీద రాశారని జవాబిచ్చింది. మస్తాన్‌కీ రాశాను. పదిహేడు వచ్చాయనీ, చాలలేదనీ, గోడ విప్పేశామనీ, ఓడని రిజిస్టరు పోస్టులో తిరిగి పంపుతాననీ.

మొన్న ఆయన దగ్గరనుంచి కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించాడు.

"అమ్మాయిగారికి మస్తాన్ సలాం. ఓడని పంపొద్దు. ఎక్కినోళ్ళని నడిసముద్రంలో దింపుతారా? పద్దెనిమిదోది వచ్చినప్పుడు వినటానికి గోడ ఉండాల గదా. మళ్ళీ కట్టండి. దూది నేను పంపుతా."

ఈ ఉదయం యంత్రం కొత్త పెద్దల దగ్గరికి వెళ్ళి, వేసవి సెలవుల్లో అది ఊరికే ఉండే నెల నాకు ఇమ్మని అడిగాను. వాళ్ళు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. గోడౌను తాళంచెవి మాత్రం ఇప్పించుకుని వచ్చాను.